సబ్సిడీతో పిల్లల్ని హోమ్ డేకేర్‌లో చేర్చేముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: నమస్తే అక్కా. మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. బాబుకు నాలుగేళ్ళు, పాపకు తొమ్మిది నెలలు. ఈ ఏడాది మొదట్లో మావారూ నేనూ విడిపోయాం. ఒక క్లినిక్‌లో బిల్లింగ్ పని చేస్తున్నాను, వారానికి 32 గంటలు. నాకు గ్రీన్ కార్డు ఉంది, పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. డేకేర్ సబ్సిడీకి దరఖాస్తు పెట్టుకుంటే చాలాకాలం వెయిటింగ్‌లో ఉంచి ఇప్పుడు పిలిచారు. పిల్లల్ని ఎక్కడ చేరుస్తానో త్వరగా చెప్పాలట. మా అపార్ట్‌మెంట్లకు దగ్గర్లో ఒక తెలుగావిడ ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటారు. అయిదారుగురు ఉంటారు. పప్పన్నం పెడతారు, తెలుగులో మాట్లాడతారు, చంటిపిల్లల్ని ఉయ్యాల్లో పడుకోబెడతారు. "నాకు స్టేట్ పేపరు ఉంది" అని లిస్టింగ్ కాగితం చూపించారు గానీ సబ్సిడీ మాత్రం తీసుకోనన్నారు. ఆఫీసువాళ్ళు చెప్పినవాటిలో ఒకటి స్పానిష్ మాట్లాడే ఆవిడ నడిపే లైసెన్స్‌డ్ హోమ్, త్రీ స్టార్ అని ఉంది. ఇంకొకటి రిజిస్టర్డ్ హోమ్, దానికి ఎంట్రీ లెవెల్ అని ఉంది. గవర్నమెంట్ డబ్బుతో నడిచే చోట పిల్లల్ని సరిగ్గా చూస్తారా అని ఒకటే టెన్షన్. ఇండియాలో ఉన్న మా అమ్మేమో "సర్కారు సొమ్ముతో పిల్లల్ని పెంచుకునే ఖర్మ నీకేంటి" అంటోంది. ఈ స్టార్లను నమ్మొచ్చా? ఏం చూసి చేర్చమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు, ఇర్వింగ్, టెక్సాస్

సమాధానం: ముందు ఆ తెలుగావిడ చూపించిన కాగితం సంగతి చూద్దామమ్మా. మీ ప్రశ్నలో సగం అక్కడే తేలిపోతుంది.

టెక్సాస్‌లో సొంత ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్ళకు రాష్ట్రం ఇచ్చే అనుమతులు మూడు రకాలు. మొదటిది లిస్టింగ్. తమకు బంధువులు కాని పిల్లల్ని ముగ్గురి దాకా చూసుకునేవాళ్ళకు ఇది. రెండోది రిజిస్ట్రేషన్. బడికి వెళ్ళని పిల్లలు ఆరుగురి దాకా, బడి అయ్యాక వచ్చేవాళ్ళు ఇంకో ఆరుగురి దాకా ఉండొచ్చు. మూడోది లైసెన్స్. ఏడుగురి నుంచి పన్నెండుగురి వరకు చూసుకునే ఇళ్ళకు ఇది కావాలి. రిజిస్టర్డ్, లైసెన్స్‌డ్ ఇళ్ళకు అధికారులు వచ్చి తనిఖీ చేస్తారు. లిస్టింగ్ ఉన్న ఇంటికి అలాంటి మామూలు తనిఖీ ఉండదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే తప్ప లోపలికి వచ్చి చూసేవాళ్ళు దాదాపు లేనట్టే.

కాబట్టి ఆవిడ మీకు అబద్ధం చెప్పలేదు, స్టేట్ పేపరు ఉన్నమాట నిజమే. కానీ ఆ పేపరు ముగ్గురు పిల్లలకు. మీరు రాసిందేమో అయిదారుగురని. వాళ్ళలో ఆవిడ సొంత పిల్లలో, అక్కచెల్లెళ్ళ పిల్లలో ఉన్నారేమో కనుక్కోండి. లేకపోతే ఆవిడ అనుమతికి మించి నడుపుతున్నట్టే. ఇక సబ్సిడీ "తీసుకోను" అనడం ఆవిడ చేతిలో ఉన్న విషయం కాదు. లిస్టింగ్ ఉన్న ఇంటికి సబ్సిడీ డబ్బు వెళ్ళాలంటే ఆ పిల్లలు వాళ్ళకు దగ్గరి బంధువులై ఉండాలి, అంటే అమ్మమ్మో మేనత్తో చూసుకుంటున్నట్టు. మీ పిల్లలకు ఆవిడ బంధువు కాదు కాబట్టి అక్కడ చేర్చాలంటే మొత్తం ఫీజు మీ జేబులోంచి కట్టుకోవాల్సిందే.

ఆవిడ మంచావిడే అయి ఉండొచ్చు. మనవాళ్ళలో చాలామంది ఇలా వాట్సాప్ గ్రూపుల్లో మాట మీద నడిపిస్తున్నారు. కొందరికి హెచ్-4 వీసా మీద పని చేసుకునే అనుమతి లేక బయటపడరు, కొందరికి తనిఖీలంటే భయం, కొందరికి ఇంత తతంగం ఉంటుందనే తెలియదు. ఆవిడ కారణమేంటో తవ్వి తీయడం మీ పని కాదు. తొమ్మిది నెలల పాపను రోజుకు ఎనిమిది గంటలు ఎవరి చేతిలో పెడుతున్నారో, ఆ చేతుల మీద ఇంకెంతమంది పిల్లలు ఉన్నారో తెలుసుకోవడం మాత్రం మీ పనే.

ఇక సర్కారు డబ్బు సంగతి. మీ భయం నాకర్థమైంది. సర్కారు బడి, సర్కారు ఆసుపత్రి, అంగన్‌వాడీ అనగానే "గతిలేనివాళ్ళకు" అన్న మాట మనలో చాలామందికి నోటి చివరే ఉంటుంది. ఇక్కడి డేకేర్ విషయంలో లెక్క తిరగబడుతుంది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఇంటికి, తీసుకోని ఇంటికంటే తనిఖీలు ఎక్కువ.

ఈ సబ్సిడీలో ఎక్కువ భాగం కేంద్రం నుంచే వస్తుంది. 1990లో వచ్చిన చట్టం దానికి మూలం. 2014 నవంబర్‌లో ఆ చట్టాన్ని తిరగరాసినప్పుడు కొన్ని షరతులు గట్టిగా పెట్టారు. బంధువులు చూసుకునే ఇళ్ళు తప్ప, సబ్సిడీ పిల్లలున్న డేకేర్లకు ఏడాదికి ఒక్కసారైనా ముందు చెప్పకుండా వచ్చి చూడాలి. పిల్లల్ని చూసుకునేవాళ్ళ వేలిముద్రలు తీసుకుని నేర చరిత్ర, పిల్లల మీద అఘాయిత్యాల రికార్డు వెతకాలి. చంటిపిల్లల్ని పడుకోబెట్టే పద్ధతి, ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్, మందులు ఇవ్వడం, అలర్జీలు, అగ్నిప్రమాదం వస్తే ఏం చేయాలి, వీటన్నిటి మీదా శిక్షణ ఉండాలి. తనిఖీలో ఏం దొరికిందో జనం చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టాలి. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో ఇంటి డేకేర్లకు ఏటా వచ్చి చూసే పద్ధతే లేదు. రాష్ట్రాలు దిగొచ్చింది ఈ డబ్బు కోసమే.

భోజనం వైపు నుంచి కూడా ఇంకో కన్ను ఉంటుంది. చాలా హోమ్ డేకేర్లు పిల్లల భోజనం ఖర్చు వెనక్కి తెచ్చుకునే కేంద్ర పథకంలో చేరతాయి. టెక్సాస్‌లో దాన్ని చూసేది వ్యవసాయ శాఖ. ఆ పథకంలో ఉన్న ఇంటికి స్పాన్సర్ సంస్థ మనిషి ఏడాదికి మూడుసార్లు వస్తారు, అందులో కనీసం రెండుసార్లు చెప్పకుండా వస్తారు. ప్లేట్లో ఏముందో, మెనూలో రాసింది పెడుతున్నారో లేదో చూస్తారు. మీరు శాకాహారులైతే అదీ ముందే చెప్పండి. పప్పులు, బీన్స్, పెరుగు, గుడ్డు మాంసానికి బదులుగా లెక్కకు వస్తాయి. పాపకు మీరు పంపే తల్లిపాలు కూడా పెట్టిన భోజనంగానే లెక్కిస్తారు.

ఇప్పుడు స్టార్ల దగ్గరికి వద్దాం. టెక్సాస్ రైజింగ్ స్టార్ అనేది దాని పేరు. ఇక్కడ చాలామంది టీఆర్‌ఎస్ అంటారు, విని ఉలిక్కిపడకండి, తెలంగాణలో ఒకప్పుడు ఆ పేరున్న పార్టీతో సంబంధం లేదు. ఒకప్పుడు ఇష్టమైన డేకేర్లు మాత్రమే ఇందులో చేరేవి. 2021లో వచ్చిన చట్టంతో, 2022 అక్టోబర్ నుంచి సబ్సిడీ తీసుకునే లైసెన్స్‌డ్, రిజిస్టర్డ్ డేకేర్లన్నీ చేరాల్సిందే అయింది. సెంటర్లకూ ఇళ్ళకూ వేర్వేరు కొలతలు ఉన్నాయి. చూసేవి నాలుగు విషయాలు: నడిపేవాళ్ళ చదువూ శిక్షణా, పిల్లలతో వాళ్ళ మాటామంచీ, నిర్వహణ, ఇంటి లోపలా బయటా ఉన్న వాతావరణం. అందులో అన్నిటికన్నా ఎక్కువ వెయిటేజీ పిల్లలతో ఎలా మెలుగుతారన్నదానికే, అది సబబే అని నా అభిప్రాయం. ఖరీదైన బొమ్మలు కొనుక్కోవచ్చు గానీ ఓపిక కొనుక్కోలేం కదా.

రెండు, మూడు, నాలుగు, ఇవీ స్టార్లు. ఒక స్టార్ అనేది లేదు. ఎంట్రీ లెవెల్ అంటే తక్కువరకం అనుకోకండి. సబ్సిడీ పద్ధతిలోకి కొత్తగా వచ్చి, స్టార్ కోసం ఇంకా పరీక్ష కాని ఇల్లు అని అర్థం. మామూలుగా వాళ్ళకు రెండేళ్ళ గడువు ఇచ్చి, ఖర్చు లేకుండా ఒక మెంటార్‌ను కూడా పంపుతారు. స్టార్ పెరిగితే వాళ్ళకొచ్చే డబ్బూ పెరుగుతుంది. మామూలు రేటు మీద రెండు స్టార్లకు కనీసం 5 శాతం, మూడింటికి 7 శాతం, నాలుగింటికి 9 శాతం ఎక్కువ. అందుకే శ్రద్ధ ఉన్న ఆవిడ స్టార్ పెంచుకోవాలనే చూస్తుంది. మీరు ఆ రిజిస్టర్డ్ హోమ్‌కు వెళ్ళినప్పుడు "మెంటార్ వస్తున్నారా, ఏం మార్చమన్నారు?" అని అడగండి. గబగబా నాలుగు విషయాలు చెప్పి, మార్చిన మూల చూపించిందంటే ఆవిడ పని నేర్చుకుంటున్నట్టు. "ఏవో కాగితాలు అడుగుతుంటారు లెండి" అంటే మాత్రం నేనైతే ఆలోచిస్తాను.

స్టార్లను నమ్మొచ్చా అన్నారు. కొంతవరకే నమ్మండి. ఒక మనిషి వచ్చి ఒకరోజు చూసి, రికార్డులు తిరగేసి ఇచ్చిన మార్కు అది. మూడేళ్ళ దాకా చెల్లుతుంది, మధ్యలో ఏటా చూస్తారు గానీ మొత్తం మళ్ళీ కొలవరు. ఈలోగా అసిస్టెంట్ మారిపోవచ్చు, ఇంట్లో పరిస్థితులు మారొచ్చు. ఇద్దరు పిల్లలున్నప్పుడు వచ్చిన మార్కు పదిమంది ఉన్నప్పుడు నిలవకపోవచ్చు. అందుకని స్టార్‌తో ఆగకుండా తనిఖీ రిపోర్టు చదవండి. చాలామంది తల్లిదండ్రులు స్టార్ చూసి ఊరుకుంటారు, రిపోర్టు దగ్గరికి పోరు. నాకైతే రిపోర్టే ముఖ్యం.

సెర్చ్ టెక్సాస్ చైల్డ్ కేర్ అని రాష్ట్రం వెబ్‌సైటు ఉంది. పేరు కొట్టినా, పిన్‌కోడ్ కొట్టినా ఆ ఇంటి రికార్డు వస్తుంది. ముందు అనుమతి ఏ రకమో, ఎంతమంది పిల్లలకో చూడండి. తర్వాత గత అయిదేళ్ళలో ఎన్ని తనిఖీలు జరిగాయి, ఏం తప్పులు పట్టారు అన్నది. ప్రతి తప్పుకూ బరువు రాసి ఉంటుంది, తక్కువ నుంచి హై వరకు. ఫైర్ డ్రిల్ రిజిస్టర్‌లో తేదీ రాయలేదంటే అది కాగితం తప్పు. పసిబిడ్డను బోర్లా పడుకోబెట్టారనో, పిల్లల్ని ఒంటరిగా వదిలారనో, ఉండాల్సినదానికంటే ఎక్కువమంది ఉన్నారనో ఉంటే అది మనిషి తప్పు, ఒక్కసారి ఉన్నా ఆగి ఆలోచించాలి. చిన్న తప్పే అయినా ప్రతి తనిఖీలోనూ అదే మళ్ళీ మళ్ళీ వస్తుంటే చెప్పినా వినని మనిషని తెలిసిపోతుంది. రికార్డు మరీ శుభ్రంగా ఉంటే ఆ ఇల్లు తెరిచి ఎన్నాళ్ళయిందో కూడా చూసుకోండి. నాలుగు నెలల క్రితం తెరిచిన ఇంటికి తప్పులు లేకపోవడం పెద్ద విశేషమేమీ కాదు.

రిపోర్టులో తప్పు కనబడితే దాచుకోకుండా ఆవిడనే అడగండి. "మార్చిలో ఇలా రాశారు, ఏం జరిగింది?" అని. ఆ జవాబు చెప్పే తీరులోనే మీకు చాలా తెలుస్తుంది.

తర్వాత ఇంటికి వెళ్ళండి. ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుని ఒకసారి, చేర్చే ముందు చెప్పకుండా ఇంకోసారి. పిల్లలు తిని నిద్రకు ఒరిగే వేళ, పదకొండున్నర పన్నెండు మధ్య వెళ్తే మంచిది. ఆ గంటలో ఎంతటి శాంతమూర్తికైనా పరీక్షే. ఒక బిడ్డ ఏడుస్తుంటే, ఇంకో బిడ్డ గిన్నె తోసేస్తే, మూడో బిడ్డకు డైపర్ మార్చాల్సి వస్తే ఆవిడ ఏం చేస్తుందో చూడండి. డైపర్ మార్చాక చేతులు కడుక్కుందా, బిడ్డవీ కడిగిందా? మార్చేటప్పుడు బిడ్డతో మాట్లాడుతోందా, లేక మూట కట్టినట్టు మౌనంగా కట్టేస్తోందా? తొమ్మిది నెలల పిల్లకు చదువంటే అదే. మొహంలో మొహం పెట్టి మాట్లాడే మాట, ఊ కొడితే తిరిగి ఊ కొట్టడం. గోడల మీద అక్షరాల చార్టులు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకండి.

తలలు మాత్రం లెక్కపెట్టండి. రిజిస్టర్డ్, లైసెన్స్‌డ్ ఇళ్ళలో ఆవిడ సొంత పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. చంటిపిల్లలు ఎక్కువైనకొద్దీ ఒక మనిషి చూసుకోగల మొత్తం సంఖ్య తగ్గుతుంది. అందుకే మొత్తం ఎందరని ఆగిపోకుండా "ఏడాదిన్నర లోపు పిల్లలు ఎంతమంది?" అని విడిగా అడగండి. అసిస్టెంట్ ఏ రోజుల్లో వస్తుంది, రాని రోజు ఏం చేస్తారు అన్నదీ అడగండి. ఆవిడకే జ్వరం వస్తే? ఇంటి డేకేర్‌కు ఉన్న పెద్ద లోటు ఇదే. సెంటర్‌లో ఒక టీచర్ రాకపోతే ఇంకొకరు ఉంటారు, ఇక్కడ తలుపు మూసేస్తారు. మీరేమో ఒంటరిగా నెట్టుకొస్తున్నారు, అలాంటి రోజుకు మీకో ఏర్పాటు ఉండాలి.

ఇంట్లో ఇంకెవరుంటారో అడగడానికి మొహమాటపడకండి. పిల్లలు ఉండే వేళల్లో తరచుగా ఆ ఇంట్లో ఉండే, 14 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరగాలన్నది ఇక్కడి నియమం. ఆవిడ భర్త, పెద్ద కొడుకు, అద్దెకుండే తమ్ముడు, ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉండే అత్తామామలు కూడా. మనవాళ్ళ ఇళ్ళలో ఈ చివరిది ఎవరికీ తట్టదు. "మా అత్తగారికి చెక్ ఏంటండీ" అని నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా సరే, రూల్ రూలే.

ఉయ్యాల దగ్గర కాసేపు ఆగాలి. మనమంతా చీర ఉయ్యాల్లో పెరిగినవాళ్ళమే. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు, చలేస్తుందని దుప్పటి, దిష్టి తగలకుండా పక్కన ఏదో ఒకటి. ఇక్కడ డేకేర్‌లో ఏడాది లోపు బిడ్డకు అవేవీ కుదరవు. గట్టి పరుపున్న తొట్టి, దాని మీద బిగుతుగా తొడిగిన ఒక్క షీటు, బిడ్డ వెల్లకిలా. దిండు లేదు, దుప్పటి లేదు, గుడ్డ చుట్టడం లేదు, పక్కన బొమ్మ లేదు. స్వింగ్‌లోనో కార్ సీట్‌లోనో నిద్రపోతే తీసి తొట్టిలో వేయాల్సిందే. కాస్త కఠినంగా అనిపిస్తుంది. అమెరికాలో 1994లో బిడ్డల్ని వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో కారణం తెలియకుండా బిడ్డలు చనిపోవడం దాదాపు సగానికి తగ్గింది. మన ఇళ్ళలో ఉయ్యాల ఊపే చెయ్యి ఎప్పుడూ ఆ పక్కనే ఉండేది. ఒక్కావిడ అయిదారుగుర్ని చూసుకునే ఇంట్లో బిడ్డ పక్క గదిలో ఉయ్యాల్లో, ఆవిడ వంటింట్లో ఉంటుంది. మీ పాపకు ఏడాది నిండడానికి మూడు నెలలే ఉన్నా, ఈ మూడు నెలలూ ఈ విషయంలో రాజీ పడకండి. లైసెన్స్‌డ్ హోమ్‌లో చేర్చేటప్పుడు చంటిపిల్లల నిద్ర గురించి ఒక పాలసీ కాగితం ఇచ్చి సంతకం చేయమంటారు. సంతకం పెట్టేసి వచ్చేయకుండా ఆ తొట్టి ఏదో చూపించమనండి.

ఫోన్ కూడా అంతే. ఫోన్ చూపిస్తూ అన్నం పెట్టడం మన ఇళ్ళలో మామూలైపోయింది. ఇక్కడి ప్రమాణాల ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లలకు స్క్రీన్ పెట్టకూడదు. వెళ్ళినప్పుడు హాల్లో టీవీ మోగుతూ ఉందా, అది ఎవరి కోసం మోగుతోంది అన్నది గమనించండి.

భద్రత వస్తువులు ఒక్క చూపులో తేలిపోతాయి: స్మోక్ డిటెక్టర్, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, తాళం వేసిన మందుల అల్మరా, స్విమ్మింగ్ పూల్ ఉంటే కంచె. ఇది టెక్సాస్ కాబట్టి తుపాకీ ఉందా, ఉంటే ఎక్కడ తాళం వేస్తారు అని కూడా అడగండి. ఇక్కడ ఆ ప్రశ్నకు ఎవరూ ఏమీ అనుకోరు. ఇన్సూరెన్స్ ఉందా అని కూడా అడగండి. మూడు లక్షల డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉండాలి, లేకపోతే లేదని తల్లిదండ్రులకు రాతపూర్వకంగా చెప్పాలి.

చేర్చాక కూడా పని చేసే వేళల్లో ఎప్పుడైనా, చెప్పకుండా లోపలికి వెళ్ళి మీ బిడ్డను చూసుకునే హక్కు మీకుంది. "పిల్లలు డిస్టర్బ్ అవుతారు, మూడింటి తర్వాతే రండి" అనే ఇంట్లో, ఎన్ని స్టార్లున్నా, చేర్చకండి.

డబ్బు గురించి కొంచెం. మీరు ఒక్కరే కాబట్టి వారానికి 25 గంటల పని ఉంటే చాలు, మీకు 32 ఉంది. భార్యాభర్తలిద్దరూ ఉంటే ఇద్దరివీ కలిపి 50 ఉండాలి. ఒకసారి అర్హత వస్తే 12 నెలలు ఉంటుంది. మధ్యలో ఉద్యోగం పోయినా కనీసం మూడు నెలలు, వేరే పని వెతుక్కునేదాకా ఆపరు. మీ వాటా నెలకింత అని ఆఫీసే లెక్కకట్టి చెబుతుంది, దాన్ని డేకేర్‌కు నేరుగా కట్టాలి. అది కాక రిజిస్ట్రేషన్ ఫీజు, తమ రేటుకీ సబ్సిడీకీ మధ్య తేడా, ఆలస్యంగా తీసుకెళ్తే ఫైను, వీటిలో ఏవి వసూలు చేస్తారో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద వెళ్తే మూడో నెలలో గొడవ వస్తుంది. ఇంకోటి, ఈ సబ్సిడీని నడిపే స్థానిక బోర్డుల్లో మీది డాలస్ కౌంటీ బోర్డు. రేపు ఫ్రిస్కో వైపు మారితే బోర్డు మారుతుంది. ఇల్లు మారేముందే కేస్‌వర్కర్‌కు చెప్పండి.

బాబు విషయంలో మీకు ఎవరూ చెప్పలేదేమో, సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్ళు నిండిన పిల్లలకు స్కూల్ డిస్ట్రిక్టులో ఉచిత ప్రీ-కే, అంటే కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి, ఉంది. ఆదాయం తక్కువైనా, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడక బిడ్డకు ఇంగ్లీషు అంతగా రాకపోయినా అర్హత వస్తుంది. అర్హులైన నాలుగేళ్ళ పిల్లలకు అది రోజంతా ఉండాలని 2019లో చట్టం కూడా చేశారు. మీరు తెలుగు మాట్లాడే ఇల్లు కాబట్టి బాబుకు భాషా పరీక్ష పెట్టమనండి. వస్తే వాడు పగలంతా బడిలో ఉంటాడు, సాయంత్రం రెండు మూడు గంటలే డేకేర్. పాపకు మాత్రమే రోజంతా చోటు వెతకాలి. చంటిపిల్లల చోటు దొరకడమే కష్టం కాబట్టి ముందు దాన్ని పట్టుకోండి.

మీ అమ్మగారి మాట గురించి. జీతంలోంచి ప్రతి నెలా పన్ను కట్టే మనిషి మీరు, ఆ పన్నులోంచి వచ్చే సాయమే ఇది. అమ్మగారికి ఇది అర్థమయ్యేలా చెప్పడం కష్టమే. మీరు పనికి వెళ్ళడానికి ఇచ్చే డబ్బని చెప్పి చూడండి. ఆవిడే వచ్చి మనవల్ని చూసుకుంటానంటే సంతోషం. అయితే విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు అందుకు డబ్బు తీసుకోకూడదు, సబ్సిడీ అయినా సరే. గ్రీన్ కార్డు ఇంకా రానివాళ్ళూ ఇలాంటి ఉత్తరాలే రాస్తుంటారు కాబట్టి వాళ్ళకో మాట. ఈ సబ్సిడీకి చూసేది బిడ్డ పౌరసత్వమో ఇమిగ్రేషన్ స్థితో, తల్లిదండ్రులది కాదు. పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీదే ఆధారపడతారని గ్రీన్ కార్డు నిరాకరించడం) విషయంలో 2022 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన నియమం డేకేర్ సాయాన్ని లెక్కలోకి తీసుకోదు. కానీ దాన్ని మార్చాలని 2025 నవంబర్‌లో ప్రతిపాదన పెట్టారు. దరఖాస్తుకు ముందు అటార్నీని ఒకసారి అడగండి, ఫేస్‌బుక్ గ్రూపులను కాదు.

సూటిగా చెప్పమంటే, మొదట ఆ త్రీ స్టార్ ఇంటికి వెళ్ళండి. అక్కడ పాపకు చోటుండి, రిపోర్టు బాగుండి, భోజనాల గంటలో ఆవిడ తీరు మీకు నచ్చితే చేర్చేయండి. ఆవిడ స్పానిష్‌లో లాలిస్తే పాపకు నష్టమేం లేదు. తెలుగు మీ దగ్గర నేర్చుకుంటుంది, సాయంత్రం స్నానమప్పుడూ అన్నమప్పుడూ మీరు మాట్లాడేదే దానికి అమ్మభాష. అక్కడ కుదరకపోతే ఎంట్రీ లెవెల్ ఇల్లు చూడండి, స్టార్ లేదని కొట్టిపారేయకండి.

ఆ తెలుగావిడకు మాత్రం మీరు విన్నది చెప్పండి. "అక్కా, లిస్టింగ్ మీద ముగ్గురికే అనుమతట, మీకు తెలుసా?" అని. తెలియకపోతే సర్దుకుంటారు. పని చేసుకునే అనుమతి ఉండి, హైస్కూల్ చదువు పూర్తిచేసి ఉండి, సీపీఆర్ శిక్షణ తీసుకుని, ఇల్లు తనిఖీకి తెరిస్తే రిజిస్ట్రేషన్ ఆవిడకు అందని విషయమేం కాదు. అప్పుడు సబ్సిడీ పిల్లల్నీ తీసుకోవచ్చు, ఆవిడకూ డబ్బు నికరంగా వస్తుంది. ఒకవేళ అక్కడ పిల్లలకు ప్రమాదం కళ్ళారా చూస్తే మొహమాటం వదిలేసి రాష్ట్రం హాట్‌లైన్ 1-800-252-5400కు చెప్పాలి, అది రోజంతా పని చేస్తుంది.

ఆవిడ రిజిస్ట్రేషన్ తెచ్చుకుని సబ్సిడీలోకి వస్తే, మీ 12 నెలల మధ్యలో కూడా పిల్లల్ని అక్కడికి మార్చుకోవచ్చు. కేస్‌వర్కర్‌కు ముందే చెప్పండి, మార్పు ఖాయమయ్యేదాకా పాత చోటే పంపండి, అక్కడ మానేసేముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో చూసుకోండి.